వాకిలి ఒక్కటే మిగిలితే చాలదు

సద్దుల బతుకమ్మకు ఏటా మేమంతా మట్టెవాడలో మా అత్తగారింటికి చేరుకుంటాం. మేముండేది హనుమకొండలోనే కాబట్టి దూరమేమీ కాదు. అయినా ఆ ఒక్కరోజు మాత్రం పెట్టె సర్దుకుని ఊరికి పోయినట్టే పోతాం. పోయినేడు కూడా అంతే. నేనూ తోటికోడలూ అరుగు మీద కూచుని గునుగు పూలకు రంగు అద్దుతుంటే, మా మరిది ఒక పెద్ద కాగితం చుట్ట తెచ్చి మా ముందు పరిచాడు. నాలుగు మూలలా ఎగిరిపోకుండా తంగేడు కట్టలు పెట్టాడు.

కాగితం మీద ఏడంతస్తుల భవనం బొమ్మ. ముందువైపంతా నీలం అద్దం. ఆ అద్దానికి ఎదురుగా సిమెంటుతో పోసిన కాకతీయ తోరణం. తోరణం కింద నుంచి ఒక కారు లోపలికి పోతోంది.

"బొటిక్ హోటల్ వదినె. హైదరాబాద్ వాళ్లు అడుగుతున్నరు. ఇల్లు తీసేసి జాగ లీజుకు ఇస్తే వాళ్లే కట్టుకుంటరు, మనకు నెల నెలా కిరాయి" అన్నాడు.

మా అత్తమ్మ పీట మీద నుంచి తల తిప్పి, "బొటిక్ అంటే జాకెట్లు కుట్టేది కాదా?" అంది.

అందరం నవ్వాం. కానీ ఆ రాత్రి పడుకున్నాక నాకు ఆ మాటే బుర్రలో తిరిగింది. నిజంగానే మన దగ్గర బొటిక్ అంటే మగ్గం వర్కు, కొలతలు, లైనింగు. ఆ మాట హోటల్ ముందుకు ఎట్లా వచ్చింది? ఈ మధ్య పిల్లలు పెద్దయ్యాక నాకు మధ్యాహ్నాలు కొంచెం తీరుతున్నాయి. మా చిన్నమ్మాయి ఆర్కిటెక్చర్ నాలుగో ఏడు చదువుతోంది, దాని పుస్తకాలు ఇంటినిండా ఉంటాయి. అట్లా నెలా రెండు నెలలు చదివి, తిరిగి, అడిగి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంట్లో కూడా ఇట్లాంటి కాగితం చుట్ట ఎప్పుడో ఒకప్పుడు విప్పుతారు. అప్పుడు పనికి రావచ్చు.

అత్తమ్మ అన్నదాంట్లో తప్పేమీ లేదని మొదట తెలిసింది. 1984లో న్యూయార్క్‌లో మోర్గాన్స్ అని ఒక హోటల్ తెరిచారు. దాన్ని పెట్టినవాళ్లు ఇయాన్ ష్రేగర్, స్టీవ్ రుబెల్ అని ఇద్దరు. మిగతా పెద్ద హోటళ్లు అన్నీ దొరికే పెద్ద బట్టల దుకాణం లాంటివి, మాది బొటిక్ లాంటిది అని రుబెల్ చెప్పుకున్నాడట. అంటే అందరికీ సరిపోయే రెడీమేడు కాదు, కొలత తీసుకుని కుట్టినది అని. అక్కడి నుంచే బొటిక్ హోటల్ అన్న మాట లోకమంతా పాకింది. ఆ హోటల్ లోపలి అలంకరణ ఆంద్రే పుట్మాన్ అనే ఫ్రెంచి ఆవిడ చేసింది. నాకు ముఖ్యం అనిపించింది ఇంకొకటి. మోర్గాన్స్ కొత్తగా కట్టిన భవనం కాదు. పాత భవనాన్నే తీసుకుని లోపల మార్చుకున్నారు. మా మరిది కాగితంలో ఉన్న మాటకు మూలపురుషుడు పాత ఇంట్లోనే పుట్టాడన్నమాట!

మన దేశంలో ఈ దారి పట్టినవాళ్లలో ముందు వినిపించే పేరు పార్క్ హోటళ్లది. 1967లో కలకత్తాలో మొదటిది, మరుసటి ఏడే మన విశాఖ సముద్రం ఒడ్డున రెండోది పెట్టారు. అప్పటికి ఈ బొటిక్ అన్న మాట లేదు. తర్వాత తర్వాత ఆ రూపానికి మారారు.

సరే, మరి మన ఓరుగల్లులో? డబ్బు తీసుకుని అతిథికి అన్నం పెట్టడం ఇక్కడ ఎప్పటి నుంచి ఉంది?

క్రీడాభిరామం పేరు మీరు వినే ఉంటారు. వినుకొండ వల్లభరాయుడి పేరు మీద ఉంది, శ్రీనాథుడిదే అనేవాళ్లూ ఉన్నారు. సంస్కృతంలో రావిపాటి త్రిపురాంతకుడు రాసినదానికి తెలుగు. మంచనశర్మ, టిట్టిభసెట్టి అని ఇద్దరు స్నేహితులు ఒక రోజంతా కాకతీయుల ఓరుగల్లు వీధుల్లో తిరుగుతారు. కథంతా అంతే. ఆ తిరుగుడులో పూటకూళ్ల ఇంటి ముచ్చట వస్తుంది. లక్ష్మణవజ్ఝల వారి ఇంట్లో ఒక రూక ఇస్తే ఏం పెడతారో లెక్క చెబుతాడు కవి. సన్నబియ్యం అన్నం, గోధుమపిండి వంటకం, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డలు గడ్డలుగా పెరుగు. వంట చేసే మనిషిని కాబట్టి చదువుతూనే లెక్క వేసుకున్నాను, ఇంత భోజనానికి పొద్దున నాలుగింటికి లేవాల్సిందే. నెయ్యి అప్పుడే కాచాలంటే ముందురోజు వెన్న తీసి ఉంచాలి. ఆ ఇంట్లో ఎవరు లేచేవారో కవి రాయలేదు. నాకైతే తెలుసు.

అదే పుస్తకంలో మాచల్దేవి ఇంటి చిత్రశాల కూడా ఉంది. గోడల నిండా పురాణాల బొమ్మలు వేయించుకుంది ఆవిడ. అంటే ఊళ్లో సొగసైన ఇల్లు ఏది, మంచి భోజనం ఎక్కడ అని చెప్పుకోవడం మనవాళ్లకు ఆరేడు వందల ఏళ్ల కిందటే ఉంది. ఆ పూటకూళ్ల ఇంటి గురించి కవి భవనం ఎంత ఎత్తో చెప్పలేదు. పెరుగు ఎట్లా ఉందో చెప్పాడు. నేను దీన్ని పెన్సిలుతో గీత పెట్టుకున్నాను.

అంతకంటే ముందటి మాట ఇంకొకటి ఉంది. కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. అంతకు ముందు గాలివానకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును అక్కడి రాజులు లాగేసుకునేవారు. అట్లా ఇక చెయ్యం, న్యాయమైన సుంకం తప్ప ఏమీ తీసుకోం అని రాతి మీద చెక్కించాడు. సుంకం ముప్పైలో ఒక వంతు. దూరం నుంచి వచ్చినవాడిని దోచుకోకపోవడమే మర్యాదకు మొదటి మెట్టు అనుకున్న రాజు మన ఊరివాడు. ఇది గుర్తొస్తే నాకు కొంచెం గర్వంగానే ఉంటుంది.

తర్వాత చాలా కాలం సత్రాలు, సరాయిలు, చుట్టాల ఇళ్లు. 1889కి రైలు బెజవాడ దాకా పోయింది, వరంగల్లు ఆ దారిలో పెద్ద స్టేషను అయింది. 1934లో ఆజం జాహి మిల్లు వచ్చింది. పని కోసం, పత్తి కోసం, కోర్టు కోసం జనం వచ్చారు. స్టేషను చుట్టూ లాడ్జీలు మొలిచాయి. మా మట్టెవాడ ఇల్లు కట్టింది కూడా ఆ మిల్లు వచ్చిన రోజుల్లోనే. మా మామయ్యగారి నాన్న మిల్లులో లెక్కలు రాసేవారట. ఊళ్ల నుంచి మిల్లు పని వెతుక్కుంటూ వచ్చిన బంధువులు నెలల తరబడి మా ఇంట్లోనే ఉండేవారని అత్తమ్మ చెబుతుంది. ఒక్కొక్క అర్రకు ఇప్పటికీ ఒక్కొక్క ఊరి పేరు ఉంది. ఎవరి ఊరివాళ్లు అందులో ఎక్కువ రోజులు ఉంటే ఆ పేరు.

ఇక అసలు సంగతికి వస్తాను. నా పెళ్లిరోజుకు మా అమ్మాయి, "అమ్మా, కాగితం చూసి కొట్లాడే ముందు ఒక అసలు కొత్త హోటల్ చూద్దాం పా" అని మమ్మల్ని హైదరాబాదు తీసుకుపోయింది. సోమాజిగూడలో రాజ్‌భవన్ రోడ్డు మీద, హుస్సేన్ సాగర్ ఒడ్డున ఉన్న పార్క్ హోటల్‌కు. ఉండడానికి కాదు, ఒక పూట టీ తాగడానికి. టీ ధర చూసి మా ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు, అది వేరే కథ.

2010లో తెరిచారు దాన్ని. కట్టడం గీసింది అమెరికాలోని ఎస్‌ఓఎం అనే పెద్ద సంస్థ. ఆకాశాన్నంటే భవనాలకు పేరున్నవాళ్లు. నేను లోపలికి పోయే ముందు అనుకున్నదేమిటంటే, ఇది కూడా అద్దాల డబ్బానే అయి ఉంటుందని. కాదు. భవనం చుట్టూ చిల్లులు పెట్టి, పొంగించి నొక్కిన లోహపు పలకలు కప్పారు. ఆ చిల్లుల ముగ్గుకు నిజాం నగల పనితనం ఆధారమట. దూరం నుంచి చూస్తే జాలీ. మా పాత ఇళ్లల్లో ఆడవాళ్లు లోపలి నుంచి వీధి చూసే కిటికీకి ఉండే జాలీయే, అంత పెద్దది చేశారు. ఎండ ఏ వైపు నుంచి ఎంత పడుతుందో లెక్క చూసుకుని ఆ పలకలు పెట్టారని అమ్మాయి చెప్పింది. మధ్యలో ఖాళీ స్థలం వదిలి, అందులో నీళ్లు పెట్టి, చెరువు వైపు చూపు పోయేట్టు చేశారు. పర్యావరణం సంగతి చూసి ఇచ్చే లీడ్ గోల్డ్ గుర్తింపు కూడా దానికి వచ్చింది.

నేను టీ కప్పు పట్టుకుని ఆ మధ్య ఖాళీ వైపు చూస్తూ కూచున్నాను. నడుమ ఆకాశం, కింద నీళ్లు, చుట్టూ అర్రలు, ఎండ నేరుగా కొట్టకుండా ఒక తెర. ఇదంతా ఎక్కడో చూసినట్టు ఉంది. ఎక్కడో ఏమిటి, మా అత్తగారిల్లే!

నవ్వకండి. మాది పెద్ద జమీందారీ కాదు. కానీ భవంతి ఇల్లు. నడుమ ఆకాశం కనిపిస్తుంది, నాలుగు దిక్కులా సాయబాను, దాని వెనక అర్రలు. డంగు సున్నం గోడలు చెయ్యి మోచేతి దాకా పెట్టినా బయటికి రానంత మందం. పైన గూన పెంకులు. మే నెలలో బయట 44, 45 డిగ్రీలు ఉన్నప్పుడు కూడా మా అత్తమ్మ మధ్యాహ్నం సాయబానులో గచ్చు మీద చాప వేసుకుని పడుకుంటుంది. నడుమ వాకిట్లో రాతి గోలెం, నిండా నీళ్లు. వేడిగాలి పైకి పోతుంది, తడి చల్లదనం కిందికి వస్తుంది. మా అమ్మాయి దీనికి పెద్ద పెద్ద మాటలు చెబుతుంది. అత్తమ్మ మాత్రం "గాలి దిరుగుతది బిడ్డా" అంటుంది.

అదే 2010లో హైదరాబాదులో ఫలక్‌నుమా కూడా హోటల్‌గా తెరుచుకుంది. 1893 నాటి ప్యాలెస్. పైగా వికారుల్ ఉమ్రా దగ్గర నుంచి ఆరో నిజాం చేతికి వచ్చాక రాజుగారి అతిథులు దిగే ఇల్లుగానే ఉండేది. బాగుచేయడానికే పదేళ్లు పట్టింది. ఒకే ఊళ్లో, ఒకే ఏడు, ఒకటి పాతదాన్ని నిలబెట్టింది, ఒకటి కొత్తగా కట్టుకుంది. రెండూ బాగున్నాయి. అందుకే కొత్తదంటే చెడ్డది, పాతదంటే మంచిది అన్న వాదం నాకు లేదు. మా ఇంట్లో చాలామంది నేను అదే అంటున్నానని అనుకున్నారు.

అసలు నా కళ్లు తెరిపించింది ఇంకో భవనం. అది మన రాష్ట్రంలో లేదు, కానీ దాని పేరు మనది. పుదుచ్చేరిలో అరవిందాశ్రమం వాళ్ల అతిథి గృహం ఒకటి ఉంది, గోల్కొండ్ అంటారు. మూడేళ్ల కిందట మేం అటు పోయినప్పుడు బయటి నుంచే చూసి వచ్చాం. తెల్లగా, నిరాడంబరంగా ఉంటుంది. పుదుచ్చేరిలో గోల్కొండ ఏమిటి అనిపించింది. అప్పుడు ఎవరినీ అడగలేదు. ఇప్పుడు చదివితే తెలిసింది. దాని ఖర్చుకు సొమ్ము ఇప్పించింది నిజాం ప్రభుత్వంలో దివానుగా ఉన్న సర్ అక్బర్ హైదరీ. ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టుక వెనక ఉన్న ఆయనే. ఆ గుర్తుకు మన వజ్రాల గోల్కొండ పేరు పెట్టారు.

దాన్ని గీసింది ఆంటోనిన్ రేమండ్, చెక్ దేశంలో పుట్టి జపాన్‌లో స్థిరపడ్డ ఆర్కిటెక్టు. దగ్గరుండి కట్టించినవాళ్లు జార్జ్ నకాషిమా, ఫ్రాంటిసెక్ సామర్. 1937లో పని మొదలైంది. మన దేశంలో సిమెంటు కాంక్రీటుతో కట్టిన తొలి ఆధునిక భవనాల్లో ఒకటి. రేమండ్, నకాషిమా మధ్యలోనే వెళ్లిపోయారు, యుద్ధం వచ్చింది, అయినా ఆశ్రమం వాళ్లే కూచుని 1940ల తొలి ఏళ్లలో పూర్తి చేశారు.

అందులో అద్దం లేదు! గోడ పొడుగునా, కింది నుంచి పైదాకా, చేత్తో తిప్పుకునే అడ్డపలకలు. ఎండ వస్తే వాల్చుకుంటారు, గాలి కావాలంటే తెరుచుకుంటారు. గదుల తలుపులు పక్కకు జరిగే టేకు తలుపులు. పట్టీలు ఎడంగా, ముందొకటి వెనకొకటి పెట్టడంతో లోపలివాళ్లు కనపడరు, గాలి మాత్రం ఆగదు. కప్పు మీద వంపు తిరిగిన కాంక్రీటు పెంకులు పరిచి, కింద గాలి ఆడేందుకు సందు వదిలారు. భవనం పొడుగు ముఖాలు ఉత్తరానికీ దక్షిణానికీ పెట్టారు, పడమటి ఎండకు కాదు. తలుపుల పిడులు, బందులు పోతపోయడానికి భక్తులు ఇచ్చిన ఇత్తడి గిన్నెలు కరిగించారట. ఇది చదివి నేను మా పైటకు మీద ఉన్న అమ్మమ్మ బిందెల వైపు చూశాను. ఎవరైనా అడిగితే ఇస్తానా? మంచి పనికైతే ఇస్తానేమో. ఒక తలుపు పిడి పట్టుకున్నప్పుడల్లా ఎవరి ఇంటి అన్నం గిన్నెనో పట్టుకున్నట్టు.

ఇంత కొత్తదనం ఉన్న భవనంలో మనకు తెలియని సూత్రం ఒక్కటీ లేదు. ఎండను ఆపు, గాలిని పంపు, చూపుకు మరుగు ఇవ్వు, వచ్చినవాడిని చల్లగా ఉంచు. మన ముందటివాళ్లు మట్టి, కర్ర, సున్నంతో చేసింది వాళ్లు కాంక్రీటుతో చేశారు. చూడ్డానికి మన ఇళ్లలా ఉండదు, పనితీరు మాత్రం మన ఇళ్లదే.

మా మరిది కాగితంలో ఉన్నది దీనికి సరిగ్గా తలకిందులు. ముందున్న తోరణం మనది, వెనకున్న ఇల్లు ఏ ఊరిదో తెలియదు. పైగా మా వీధి ముఖం పడమర. మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా ఎండంతా ఆ నీలం అద్దం మీదే పడుతుంది. లోపల చల్లబరచడానికి యంత్రాలు, ఆ యంత్రాల వేడి పక్కింటి పెరట్లోకి.

ఆ తోరణం గురించి కూడా ఒక మాట చెప్పాలి. మన ఊరి గుర్తు అదే. తెలంగాణ ముద్ర మీదికి కూడా ఎక్కింది. కోటలో నిలబడి చూస్తే మాత్రం ఒక్కోసారి నాకు దిగులేస్తుంది. ఆ నాలుగు తోరణాలు స్వయంభూ శివుడి గుడికి నాలుగు దిక్కుల వాకిళ్లు. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సైన్యానికి పడిపోయాక ఆ గుడి పోయింది. విరిగిన రాళ్లు చుట్టూ పరుచుకుని ఉన్నాయి. వాకిళ్లు మిగిలాయి. లోపలికి పోవడానికి లోపల ఏమీ లేని వాకిళ్లు. మనం దాన్ని బొమ్మ వేసుకుని మురుస్తాం, తప్పు లేదు, అంత అందమైన రాతిపని ఎక్కడుంది! కానీ ప్రతి హోటలు ముందూ, ప్రతి ఫంక్షన్ హాలు ముందూ అదే సిమెంటులో పోసి పెడుతుంటే, పోయిన ఇల్లు మాత్రం ఎవరికీ గుర్తు రావడం లేదనిపిస్తుంది.

ఇట్లాంటి కథ ఇంకొకటి. గోల్కొండ్ గీసిన రేమండ్ అసలు జపాన్ పోయింది ఒక హోటల్ పని మీదే. టోక్యోలో ఇంపీరియల్ హోటల్, ఫ్రాంక్ లాయిడ్ రైట్ గీసింది. 1923 సెప్టెంబరు 1న, తెరిచే వేడుక రోజునే పెద్ద భూకంపం వచ్చింది. ఊరు చాలా మటుకు నేలమట్టమయింది, హోటల్ నిలబడింది. తర్వాత యుద్ధాన్నీ తట్టుకుంది. చివరికి దాన్ని కూల్చింది భూకంపం కాదు, బాంబులూ కాదు. ఆ జాగలో ఇంకా ఎక్కువ గదుల ఎత్తయిన భవనం కావాలని 1968లో కూల్చేశారు. ముందు వాకిలి భాగం మాత్రం తీసుకుపోయి మెయిజి మురా అనే ప్రదర్శనశాలలో నిలబెట్టారు. అక్కడా వాకిలే మిగిలింది.

ఇవన్నీ చదివి తెలివి వచ్చింది కదా అని సంక్రాంతికి మట్టెవాడలో నేను పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. మా మరిది మొత్తం విన్నాడు. మంచివాడు, మధ్యలో మాట తెంపడు. అంతా అయ్యాక ఒక్కటే అడిగాడు.

"మంచిగ చెప్పినవు వదినె. మరి పెంకులు ఎవలు తిరగేస్తరు?"

నా దగ్గర జవాబు లేదు. ఏటా వానలకు ముందు కోతులు పీకేసిన పెంకులు సర్దించాలి. ఆ పని తెలిసిన మనిషి మా వైపు ఒక్కడే మిగిలాడు, ఆయనకూ మోకాళ్లు నొప్పులు. పోయిన వానాకాలం రెండు అర్రల్లో బిందెలు పెట్టుకుని పడుకున్నారు. దూలానికి చెద పట్టింది. బట్టల దుకాణం ముందులా నడవడం లేదు, కొడుకు ఫీజు కట్టాలి. ఆ ఇంట్లో ఉండేది వాడు, తడిసేది వాడు, పైసలు పెట్టేది వాడు. నేను హనుమకొండలో మూడో అంతస్తు ఫ్లాటులో లిఫ్టు ఎక్కుతూ దిగుతూ, ఏడాదికి నాలుగుసార్లు వచ్చి "ఎంత చల్లగా ఉందో" అని మెచ్చుకుని పోతాను. పాత ఇంటి మీద ప్రేమ ఎక్కువగా ఉండేది ఎప్పుడూ అందులో ఉండనివాళ్లకే. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది, కానీ రాయకపోతే మిగతాదంతా అబద్ధమవుతుంది.

ఆ రాత్రి ఇంటికొచ్చాక నేనూ మా ఆయనా చాలాసేపు మాట్లాడుకున్నాం. కావాలనేవాళ్లే ఖర్చు కూడా పెట్టుకోవాలి కదా అనుకున్నాం. మర్నాడు పోయి, ఈ ఏడు పిల్లాడి ఫీజు మేం కడతాం, కప్పు బాగుచేయించే ఖర్చులో సగం మాది, అని చెప్పాం. బదులుగా ఒక్క ఏడాది గడువు అడిగాం. మా అమ్మాయి తన క్లాసు పనికి మా ఇంటినే కొలిచి గీస్తోంది. ఇల్లు ఉంచి, వెనక గొడ్ల కొట్టం జాగలో మాత్రం కొత్తగా కట్టి, మొత్తం ఎనిమిది గదులు అతిథులకు ఇవ్వొచ్చునా అని లెక్క వేస్తోంది. కొత్త భాగానికి పాత ఇంటి వేషం వెయ్యనంటుంది. పెంకులు అంటించను, బోదెలు పెట్టను, ఇప్పటి సామానుతో ఇప్పటి మాదిరిగానే గీస్తాను, కానీ పడమటి ఎండకు తెర, నడుమ ఆకాశం మాత్రం విడిచిపెట్టను అంటుంది. వచ్చే ఆదాయం ఆ హైదరాబాదు వాళ్ల కిరాయిలో సగానికి కూడా రాదు. అది మరిదికీ తెలుసు, మాకూ తెలుసు.

ఇంతమంది ఇన్ని మాట్లాడుకున్నాక అత్తమ్మను అడగలేదని గుర్తొచ్చింది. అడిగితే ఆమె ఇల్లు ఉంచమనీ అనలేదు, తీసేయమనీ అనలేదు. ఆ కాగితం మళ్లీ తెమ్మంది. కళ్లజోడు పెట్టుకుని కింద నుంచి పైకి చూసింది.

"మంచిగనే ఉన్నది బిడ్డా. గని వచ్చినోళ్లు కాళ్లు ఎక్కడ కడుక్కుంటరు?"

ఎవరం మాట్లాడలేదు. ఏడంతస్తుల్లో ఆ ఒక్క జాగ లేదు.

నేను రెండు నెలలు పుస్తకాలు తిరగేసి చెప్పలేనిది ఆ ముక్కలో ఉంది. అతిథి ఇల్లు మొదలయ్యేది తోరణం దగ్గర కాదు, గోలెం దగ్గర. దూరం నుంచి నడిచి వచ్చిన మనిషికి చెంబెడు నీళ్లు, నిలబడడానికి నీడ, అక్కడి నుంచి మిగతా ఇల్లు కట్టుకుంటూ పోవాలి. మోటుపల్లి శాసనంలో ఉన్నదీ, పూటకూళ్ల ఇంటి పెరుగులో ఉన్నదీ, గోల్కొండ్ అడ్డపలకల్లో ఉన్నదీ అదే అనిపించింది.

ఈసారి మేడారం జాతరకు మా ఇంటి మీదుగా ఇరవై ఆరు మంది పోయారు, వచ్చారు. రెండేళ్లకోసారి ఇది మామూలే. కరీంనగర్ వైపు వాళ్లు, ఖమ్మం వైపు వాళ్లు, మా తోటికోడలి పుట్టింటివాళ్లు. సాయబాను పొడుగునా చాపలు, పసుపు బెల్లం వాసన, ఎర్రమట్టి కాళ్లు. రాత్రి పదకొండింటికి ఒక జీపు దిగింది. పిల్లలు నిద్రకళ్లతోనే గోలెం చుట్టూ మూగారు. నేను వంటింట్లో చారు వేడి చేస్తూ చూస్తున్నాను. గోలెంలో నీళ్లు అడుగంటాయి. మా మరిది ఏమీ అనకుండా లుంగీ పైకి కట్టుకుని, చేదబాయి దగ్గరికి పోయి, ఒక్కొక్క బొక్కెనా తోడి తెచ్చి పోశాడు. మోటారు ఉంది. కరెంటూ ఉంది. ఎందుకు తోడాడో నేను అడగలేదు.

గడువు దసరా దాకా ఉంది. మధ్యలో వానాకాలం ఒకటి దాటాలి. పెంకులు తిరగేసే ఆయనకు కబురు పెట్టాం, మోకాళ్లు సహకరిస్తే ఉగాది తర్వాత వస్తానన్నాడు. పక్కన నిలబడి నేర్చుకోవడానికి మా అమ్మాయి వస్తానంటోంది. ఏమవుతుందో వచ్చే బతుకమ్మకు రాస్తాను. అప్పటిదాకా మీ ఇళ్లల్లో వచ్చినవాళ్లు కాళ్లు కడుక్కునే జాగ ఎక్కడుందో, ఉందో లేదో, ఒకసారి చూసి చెప్పండి.